బందెలదొడ్డి తాళం

ఏనుగుకు రెండు రూపాయలు. ఒంటెకు, గేదెకు ఎనిమిదేసి అణాలు. గుర్రం, ఎద్దు, ఆవు, కంచరగాడిద అయితే నాలుగణాలు. దూడకు, గాడిదకు, పందికి రెండణాలు. గొర్రెకు, మేకకు, వాటి పిల్లలకు ఒక్కో అణా. ఇది సంతలో ధరల పట్టిక కాదు. 1871లో బ్రిటిషు ప్రభుత్వం చేసిన క్యాటిల్ ట్రెస్‌పాస్ యాక్టులో పన్నెండో సెక్షను. పరాయి చేలో పడి మేసిన పశువును బందెలదొడ్డి నుంచి విడిపించుకోవాలంటే యజమాని కట్టాల్సిన బందె అది. ఆ పట్టికను దొడ్డి దగ్గర అందరికీ కనబడేచోట అంటించాలని కూడా అదే సెక్షను చెప్పింది.

నేడు మునిసిపాలిటీలో పందుల మీద, కుక్కల మీద, నడిరోడ్డున పడుకున్న ఆవుల మీద ఫిర్యాదులు అందుకునే ఉద్యోగి ఎవరైనా ఆ చట్టాన్ని ఒకసారి తీరిగ్గా చదవాలి. ఊళ్లో పశువుకూ మనిషికీ మధ్య తగవు వస్తే మధ్యలో నిలబడి తీర్చే పనికి ఏమేం కావాలో, ఏది లేకపోతే ఆ పని చతికిలబడుతుందో అందులో దాదాపు పూర్తిగా ఉంది. దాని వయసు నూట యాభై ఏళ్లు దాటింది. అది పరిష్కరించాలనుకున్న తగవు మాత్రం అంతకంటే ఎన్నో వందల ఏళ్లు పాతది.

ధర్మశాస్త్రాలు లెక్కపెట్టిన పద్దెనిమిది రకాల వ్యాజ్యాల్లో పశువు యజమానికీ కాపరికీ మధ్య వచ్చే వివాదం ఒకటి. చేను మేసిన పశువు సంగతి కూడా అందులోనే వస్తుంది. యాజ్ఞవల్క్య స్మృతి పైరు పాడుచేసిన గేదెకు ఎనిమిది మాషాల దండుగ వేసింది. ఆవుకు అందులో సగం, గొర్రెకూ మేకకూ ఆ సగంలో సగం. మేసి అక్కడే పడుకుంటే దండుగ రెట్టింపు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకునే పదమూడో శతాబ్దంలో కేతన తెలుగులో విజ్ఞానేశ్వరీయం రాశాడు. తెలుగులో ధర్మశాస్త్రం చెప్పిన తొలి గ్రంథం అదే. స్మృతిలో గేదెకు ఎనిమిది, ఆవుకు నాలుగు. 1871 చట్టంలోనూ గేదెకు ఎనిమిది, ఆవుకు నాలుగు. మాషాలు అణాలయ్యాయి, అంతే. కలకత్తాలో చట్టం రాసినవాళ్లు స్మృతిని చూసి రాశారని ఎవరూ అనక్కర్లేదు. గేదె ఎంత మేస్తుందో, ఆవు ఎంత మేస్తుందో రైతులందరికీ తెలిసిన లెక్కే కదా.

స్మృతులు కొన్ని పశువులకు మినహాయింపు కూడా ఇచ్చాయి. అప్పుడే ఈనిన ఆవు, మంద నుంచి తప్పిపోయి వచ్చిన పశువు, దేవుడి పేర వదిలిన వృషభం ఏ చేలో పడినా దండుగ లేదు. అచ్చు వేసి వదిలిన ఆంబోతు గురించి తెలుగువాడికి వివరించాల్సిన పనిలేదు. దాన్ని కట్టేసేవాడు లేడు, కొట్టేవాడు లేడు. బ్రిటిషు కోర్టులకు ఈ ఆంబోతు పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. అలా వదిలిన ఎద్దును పట్టుకుపోయినవాడి మీద దొంగతనం కేసు పెడితే, అది ఎవరి ఆస్తీ కాదు కాబట్టి దొంగతనం కాదని 1880లలో అలహాబాదు హైకోర్టు తేల్చింది. యజమాని లేని పశువు విషయంలో చట్టానికి చెయ్యి ఆడదన్న సంగతి అప్పుడే బయటపడింది. ఇదే చిక్కు తర్వాత పట్నాల్లో వీధికుక్క రూపంలో మళ్లీ వచ్చింది.

యజమాని ఉన్న పశువు విషయంలో మాత్రం 1871 చట్టం నిబంధనలను చాలా జాగ్రత్తగా అల్లింది. దానికి ముందు 1857లో వచ్చిన చట్టాన్ని సవరించి, అంతా ఒకచోట చేర్చి దీన్ని రాశారు. చేలో పడి నష్టం చేస్తున్న పశువును రైతే పట్టుకోవచ్చు, లేదా తన మనుషుల చేత పట్టించవచ్చు. కానీ తన కొట్టంలో కట్టేసి పెట్టుకునే హక్కు లేదు. ఇరవై నాలుగు గంటల్లోగా ఆ ఊరికి కేటాయించిన దొడ్డికి తోలెయ్యాలి. అక్కడ దొడ్డి నిర్వాహకుడు రిజిస్టరు తీస్తాడు. ఎన్ని పశువులు, ఎలాంటివి, ఏ రోజు ఏ వేళకు వచ్చాయి, పట్టి తెచ్చినవాడి పేరూ ఊరూ, తెలిస్తే యజమాని పేరూ ఊరూ రాసుకుంటాడు. ఆ రాతకు నకలు తీసి తెచ్చినవాడి చేతిలో పెడతాడు. యజమాని వచ్చి బందె, మేత ఖర్చు కడితే పశువును విడిచిపెట్టాలి.

ఏడు రోజుల్లో ఎవరూ రాకపోతే దొడ్డివాడు దగ్గరలోని పోలీసు స్టేషనుకు తెలియజేయాలి. అక్కడివాళ్లు ప్రకటన అంటించి, ఊళ్లోనూ సంతలోనూ చాటింపు వేయించాలి. ఇంకో ఏడు రోజులు చూసి వేలం వెయ్యాలి. వేలంలో వచ్చిన డబ్బులోంచి బందె, ఖర్చులు మినహాయించుకుని, మిగిలింది యజమాని కోసం మూడు నెలలు డిపాజిట్‌లో ఉంచాలి. బందె కట్టనని యజమాని మొండికేస్తే, బకాయి తీరడానికి ఎన్ని అవసరమో అన్నిటినే అమ్మి, మిగతా పశువులను తిరిగి ఇచ్చెయ్యాలి. తన గొడ్డును అన్యాయంగా పట్టారనుకున్న యజమాని పది రోజుల్లోగా మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లవచ్చు. నిజమేనని తేలితే పట్టినవాడు వంద రూపాయల దాకా పరిహారం ఇచ్చుకోవాలి. పట్టిన పశువులను బలవంతంగా విడిపించుకుపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా అయిదు వందల దాకా జరిమానా.

ఈ అల్లికలో అన్నిటికన్నా ముఖ్యమైన దారం మేత. దొడ్డిలో పశువు ఉన్నంతకాలం దానికి మేత, నీళ్లు పెట్టే బాధ్యత దొడ్డివాడిదే. రోజుకు ఎంత ఖర్చవుతుందో జిల్లా మేజిస్ట్రేటు ముందే నిర్ణయిస్తాడు. వసూలైన బందె సర్కారుకు పోతుంది, మేత డబ్బు దొడ్డివాడికి చెందుతుంది. విధి తప్పితే అతనికి యాభై రూపాయల దాకా జరిమానా పడుతుంది. దొడ్డివాడు, పోలీసు, ఈ చట్టం కింద పనిచేసే ఏ ఉద్యోగీ ఆ వేలంలో పశువును నేరుగా కానీ ఇంకొకరి పేరున కానీ కొనకూడదు. ఆకలితో చిక్కిపోయిన ఆవును కారుచౌకగా కొట్టెయ్యాలనే ఆశ ఎక్కడ పుడుతుందో ఆ చట్టం రాసినవాళ్లకు బాగా తెలుసు. తాళం ఎవరి చేతిలో ఉంటుందో మేత బాధ్యత కూడా వాడిదే కావాలి, లాభం మాత్రం వాడికి చెందకూడదు. ఇంత సూటిగా రాసిన నిబంధన తర్వాతి పురపాలక చట్టాల్లో అరుదు.

కాగితం మీది నిబంధనకూ ఊళ్లో జరిగేదానికీ మధ్య ఎప్పుడూ దూరం ఉంది. దొడ్డి ఊరికి ఒక మూల, నాలుగు గోడలతో, చాలాచోట్ల నీడ కూడా లేకుండా ఉండేది. తలారి గొడ్డును తోలుకెళ్లాడన్న కబురు చేరేసరికి పొద్దు వాలేది. చేతిలో అణాలు లేని పాలేరు ఆ రాత్రి ఎవరినో ఒకరిని బతిమాలి అప్పు తెచ్చుకోవాల్సిందే. ఎద్దు దొడ్డిలో ఉంటే మర్నాడు అరక కట్టడం కుదరదు. దుక్కి వేళ పోతే ఆ ఏడు పంటే పోతుంది. అందువల్ల బందె నాలుగణాలే అయినా, ఎద్దును నాలుగు రోజులు ఆపగలిగే అధికారం మాత్రం నాలుగణాలది కాదు. కక్షలున్న ఊళ్లో, పెత్తందారు చెప్పినట్టు నడిచే ఊళ్లో ఆ అధికారం ఎవరి మీద ఎక్కువగా పనిచేస్తుందో ఊహించడం కష్టం కాదు.

సర్కారే పెత్తందారు అయినప్పుడు ఆ అధికారం ఇంకా పదునెక్కింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఊరి పశువులు తరతరాలుగా మేసిన కొండలు, పొదలు రిజర్వు అడవులయ్యాయి. అందులో అడుగుపెట్టిన గొడ్డు చేను మేసిన గొడ్డుతో సమానమైంది, దాన్ని పట్టి దొడ్డికి తోలే హక్కు అటవీ ఉద్యోగికి వచ్చింది. అడవి మీద సర్కారు పెట్టుకున్న విలువ ఎంతో 1927 భారత అటవీ చట్టంలోని పట్టిక చెబుతుంది. రిజర్వు అడవిలో పడిన పశువులకు మామూలు బందె బదులు ఆవుకు రూపాయి దాకా, గేదెకు రెండు రూపాయల దాకా, మేకకు ఎనిమిది అణాల దాకా, ఏనుగుకు పది రూపాయల దాకా వెయ్యవచ్చు. అంటే రైతు చేలో పడిన మేకకు అణా, సర్కారు అడవిలో పడిన మేకకు అందుకు ఎనిమిది రెట్లు. మేకలే ఆధారంగా బతికేవాడి సంగతి ఆ పట్టిక రాసినవాళ్లు పట్టించుకోలేదు.

ఈ దొడ్ల కథలో రక్తం చిందిన చోటు పల్నాడు. అక్కడ వర్షాధారపు వ్యవసాయం, చుట్టూ అడవి. గొడ్లు అడవిలో మేస్తేనే సేద్యం సాగుతుంది. అడవిలో మేపుకున్నందుకు కట్టాల్సిన పుల్లరి రైతులకు గుదిబండ అయింది. పుల్లరి కట్టని పశువులను పట్టి దొడ్లకు తోలడం, రైతులు ఎదురుతిరగడం, అటవీ, రెవెన్యూ ఉద్యోగులను ఊళ్లు వెలివేయడం 1921లో వరసగా జరిగాయి. సహాయనిరాకరణ ఉద్యమం దానికి తోడైంది. పల్నాడు వెళ్లిన ఉన్నవ లక్ష్మీనారాయణను ప్రభుత్వం అరెస్టు చేసి జైలుకు పంపింది. ఆయన ‘మాలపల్లి’ నవల ఆ జైలు రోజుల్లోనే పుట్టింది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర పోలీసు కాల్పుల్లో ఆ పోరాట నాయకుడు కన్నెగంటి హనుమంతు ప్రాణం విడిచాడు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో పల్నాటి పుల్లరి సత్యాగ్రహానికి ఇప్పటికీ గౌరవం ఉంది. అయితే ఆ పోరాటానికి మూలం గొడ్డు ఎక్కడ మేయాలి, దాన్ని ఎవరు పట్టవచ్చు అన్న నిత్యజీవితపు ప్రశ్నే. ఆ ప్రశ్నను ఊరికి వదిలేసి ఉంటే తగవు రచ్చబండ దగ్గరే తీరేది. దాన్ని తుపాకీ దాకా తెచ్చింది ప్రభుత్వమే.

పట్నంలో కథ వేరు. అక్కడ చేను లేదు, కానీ వీధి ఉంది, మురుగుకాలవ ఉంది, పక్కింటివాడి ముక్కు ఉంది. భీమునిపట్నంలో 1861లోనే మునిసిపాలిటీ వెలిసింది. హైదరాబాదులో 1869లో మొదటి సాలార్‌జంగ్ పురపాలనకూ రోడ్లకూ ఒక కమిషనరును నియమించాడు. గుంటూరు, బెజవాడ వంటి ఊళ్లు పందొమ్మిదో శతాబ్దం రెండో సగంలో ఒకదాని వెంట ఒకటి మునిసిపాలిటీలయ్యాయి. అప్పటికే 1860 నాటి శిక్షాస్మృతి పబ్లిక్ న్యూసెన్సు అన్న నేరాన్ని నిర్వచించింది. దానికి వేరే శిక్ష లేనిచోట రెండు వందల రూపాయల దాకా జరిమానా విధించింది. తన పశువు వల్ల మనుషులకు ప్రమాదం రాకుండా జాగ్రత్తపడని యజమానికి ఆరు నెలల దాకా జైలు అని 289వ సెక్షను చెప్పింది. 1889లో మద్రాసు ప్రభుత్వం పట్నాల న్యూసెన్సుల కోసం విడిగా ఒక చట్టం తెచ్చింది. వీధిలో పశువులను వదలడం, దారికి అడ్డం పెట్టడం, రోడ్డు మీద మురికి చేయడం లాంటి చిల్లర నేరాలకు చిల్లర జరిమానాలు అందులో ఉన్నాయి. రాష్ట్రాలు విడిపోయి, పేర్లు మారినా ఆ చట్టం ఆంధ్ర ప్రాంతంలో చాలాకాలం నిలిచింది. హైదరాబాదులో ఆ పని 1348 ఫసలీ నాటి సిటీ పోలీసు చట్టం చేసింది. నగరంలో పెట్టీ కేసు అనే మాట వినని చిరువ్యాపారి లేడంటే కారణం ఆ చట్టమే.

ఈ చట్టాలన్నిటినీ వీధిలో నడిపించినవాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు. ప్లేగు, కలరా రోజుల్లో అతని రాక అంటే ఇంటివాళ్లకు హడలు. పాలవాడి కొట్టంలో పేడ ఎక్కడ పడుతోంది, కబేళా నీళ్లు ఎటు పోతున్నాయి, గుర్రపుశాల పక్కన బావి ఉందా అన్నవి అతను చూసుకోవాల్సిన విషయాలు. 1920 మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టం నాటికి పట్నంలో పశువులను ఉంచడానికి లైసెన్సులు, వీధిన పడ్డ పందులనూ కుక్కలనూ తొలగించే అధికారాలు స్పష్టంగా వచ్చాయి. అతని చేతిలో నోటీసు పుస్తకం, వెనుక ఒకరిద్దరు కూలీలు. ఎక్కువ ఊళ్లలో బలగం అంతే.

పందుల మీద చట్టానికి మొదటి నుంచీ ప్రత్యేకమైన కోపం ఉంది. 1871 చట్టంలోనే పందులు చేసిన నష్టానికి వాటి యజమానికి పది రూపాయల దాకా జరిమానా వేసే సెక్షను విడిగా ఉంది. పంది బందె రెండణాలని గుర్తుంచుకుంటే ఆ పది రూపాయలు ఎంత పెద్దవో తెలుస్తుంది. పందులను పెంచి బతికినవాళ్లలో ఎరుకలవాళ్లు ముఖ్యులు. వలస ప్రభుత్వం వాళ్ల మీద నేరస్థ తెగ అన్న ముద్ర వేసింది. ఊరి మురికిలో తిరిగే పంది ఆరోగ్యానికి ప్రమాదం అన్నది నిజం. కానీ మురుగుకాలవలు కట్టని మునిసిపాలిటీకి నోటీసు ఇచ్చేవాడు లేడు. ఆ మురుగు పక్కన పందులు మేపుకునేవాడికే ప్రతి వేసవిలో నోటీసు అందేది. ఈ అన్యాయాన్ని ఎవరూ పెద్దగా చర్చించలేదు. ఇప్పటికీ పందులను పట్టడానికి బయటి బృందాలు ఊళ్లోకి దిగినప్పుడల్లా గొడవ జరుగుతుంది. దాని వెనుక ఈ పాత చరిత్ర ఉందని వార్త రాసేవాళ్లకైనా గుర్తుండాలి.

ఆ నోటీసును తిరిగి మునిసిపాలిటీకే పంపిన తీర్పు 1980లో వచ్చింది. మధ్యప్రదేశ్‌లోని రత్లాంలో ఒక వీధి ప్రజలు మురుగు, దుర్గంధం భరించలేక క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 133వ సెక్షను కింద మేజిస్ట్రేటును ఆశ్రయించారు. న్యూసెన్సు తొలగించమని ఆదేశించడానికి, ప్రమాదకరమైన జంతువును కట్టడి చేయించడానికి కూడా మేజిస్ట్రేటుకు అధికారం ఇచ్చే సెక్షను అది. మునిసిపాలిటీ డబ్బు లేదంది. సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ వాదనను ఒప్పుకోలేదు. చట్టం అప్పగించిన పనిని డబ్బు లేదని తప్పించుకోవడం కుదరదని తీర్పు చెప్పారు. పర్యావరణ కేసుల చరిత్రలో ఆ తీర్పును తరచూ తలుచుకుంటారు. శానిటరీ ఇన్‌స్పెక్టరు వృత్తి చరిత్రలోనూ దానికి అంతే చోటుండాలి. అప్పటిదాకా అతను జనం తప్పులు రాసుకునేవాడు. ఆ తీర్పుతో తన ఆఫీసు తప్పుకు కూడా జవాబు చెప్పాల్సినవాడయ్యాడు.

కుక్క దగ్గరికి వచ్చేసరికి పాత ఏర్పాటంతా కూలిపోయింది. 1871 చట్టం చెప్పిన పశువుల జాబితాలో ఏనుగు ఉంది, ఒంటె ఉంది, కుక్క లేదు. దానికి బందె లేదు, మేత ఖర్చు లేదు, విడిపించుకోవడానికి వచ్చే యజమాని లేడు. అందుకని మునిసిపాలిటీలకు ఒక్క దారే కనిపించింది, చంపడం. మద్రాసు కార్పొరేషన్ 1860 నుంచీ వీధికుక్కలను చంపుతూ వచ్చిందని జంతు సంక్షేమ సంస్థ బ్లూ క్రాస్ ఆఫ్ ఇండియా చెబుతుంది. తెలుగు పట్టణాల్లో మొన్నమొన్నటి దాకా కుక్కలబండి వచ్చిందంటే పిల్లలు తమ వీధి కుక్కను ఇంట్లోకి లాక్కుని దాచేవాళ్లు. విషం కలిపిన ముద్దలు, ఇనప పట్టకార్లు, గుండెలోకి సూది. ఆ పని చేసినవాళ్లు కార్పొరేషన్‌లో అట్టడుగు జీతగాళ్లు. ఆ పని వాళ్ల మనసులను ఏం చేసిందో ఎవరూ అడగలేదు.

భయానికి కారణం లేకపోలేదు. కుక్కకాటు అంటే రేబిస్, రేబిస్ అంటే చావు. దక్షిణాదికి తొలి దిక్కు 1907లో కూనూరులో వెలిసిన పాశ్చర్ సంస్థ. అంతకుముందు 1900లో కసౌలీలో వెలిసినదే దేశంలో మొదటిది. తెలుగు జిల్లాల నుంచి కుక్క కరిచినవాణ్ణి రైలెక్కించి నీలగిరుల దాకా తీసుకెళ్లాల్సి వచ్చేది. తర్వాత టీకా జిల్లా ఆసుపత్రులకు చేరింది. హైదరాబాదువాళ్లకు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ (ఐపీఎం) కుక్కకాటు ఆసుపత్రిగానే తెలుసు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లు అన్న మాట రెండు మూడు తరాల పిల్లలను వీధికుక్కలకు దూరంగా ఉంచింది. గొర్రె మెదడు నుంచి తయారయ్యే ఆ పాత టీకా ఉత్పత్తిని దేశంలో 2004 చివర ఆపేశారు. ఇప్పుడు భుజానికి వేసే నాలుగైదు డోసులతో పని జరుగుతుంది.

చంపడం వల్ల కుక్కలు తగ్గలేదన్నది మద్రాసులో తేలింది. బ్లూ క్రాస్‌ను 1959లో మొదలుపెట్టిన కెప్టెన్ వి. సుందరం కుటుంబం, ముఖ్యంగా ఆయన కుమారుడు చిన్నీకృష్ణ, 1964 నుంచీ ఒకటే మాట చెబుతూ వచ్చారు. కుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, టీకా వేసి, తెచ్చినచోటే వదలాలి. కార్పొరేషన్ ముప్పై ఏళ్లు వినలేదు. 1996 నాటికి మద్రాసులో రోజుకు నూట ముప్పై అయిదు కుక్కలను చంపుతున్నారని బ్లూ క్రాస్ లెక్క. ఆ ఏడే దక్షిణ మద్రాసులో కొత్త పద్ధతి మొదలైంది. 2001 డిసెంబరులో కేంద్రం దాన్నే కుక్కల జనన నియంత్రణ నియమాలుగా దేశమంతటికీ పెట్టింది. ఆ నియమాలకు తల్లి 1960 నాటి జంతుహింస నివారణ చట్టం. 1890 నాటి బ్రిటిషు చట్టం చాలదని రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో ప్రైవేటు బిల్లు పెట్టారు. ప్రభుత్వమే చట్టం తెస్తుందని నెహ్రూ మాట ఇచ్చాక దాన్ని ఉపసంహరించుకున్నారు. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. 1960 నాటి ఆ గొప్ప చట్టంలో మొదటి తప్పుకు జరిమానా పది రూపాయలకు తగ్గకుండా, యాభైకి మించకుండా అని ఉంది. ఈ రోజు దానితో ఎవరినీ భయపెట్టలేం. బండిలో కుక్కి పశువులను తరలించేవాడికి అది టీ ఖర్చు.

ఈ లోపు బందెలదొడ్డి మాయమైంది. దాన్ని ఎవరూ రద్దు చేయలేదు. చట్టం అలాగే ఉంది. 1994 ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం కూడా గ్రామ పంచాయతీ పనుల్లో బందెలదొడ్లను చేర్చింది. కానీ ట్రాక్టరు వచ్చాక ఎద్దులు తగ్గాయి, మేత బీళ్లు ఇళ్ల స్థలాలయ్యాయి, ఊరి నడుమకు చేరిన దొడ్డి జాగా మీద వేరే భవనం లేచింది. అణాల్లో రాసిన బందె రూపాయి కాలంలో నవ్వులాట అయింది. ఆ డబ్బుతో ఒక పూట చొప్ప కూడా రాదు. మేత ఖర్చు గిట్టని దొడ్డికి తాళం వెయ్యడం ఏ పంచాయతీకైనా తేలికైన నిర్ణయమే. ఆ తేలికైన నిర్ణయం ఫలితాన్ని ఇప్పుడు జాతీయ రహదారుల మీద చూస్తున్నాం. పాలు తగ్గిన ఆవునూ, పనికిరాని కోడెదూడనూ రాత్రికి రాత్రి రోడ్డు మీద వదిలేసినవాడికి ఎవరూ నోటీసు ఇవ్వలేరు. పశువుకు యజమాని పేరు లేదు, పట్టినా పెట్టడానికి చోటు లేదు. వానాకాలం రాత్రి పొడి రోడ్డు మీద పడుకున్న గేదెను చూడకుండా ఢీకొన్న మోటారుసైకిలు వార్తలు జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తాయి.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో నాలుగేళ్ల బాలుడిని వీధికుక్కలు చంపాయి. సీసీ కెమెరాలో ఆ దృశ్యం చూసినవాళ్లు ఎవరూ మరిచిపోలేదు. హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. నగరపాలక సంస్థ వెటర్నరీ విభాగానికి ఫోన్లు ఆగలేదు. ఒక పక్క బిడ్డను పోగొట్టుకున్న ఇల్లు, ఇంకో పక్క రోజూ అన్నం పెట్టే కుక్కను పట్టుకుపోతున్నారని కన్నీళ్లు పెట్టుకునే మనిషి. మధ్యలో వల పట్టుకున్న మునిసిపల్ ఉద్యోగి. అదే ఏడు మార్చిలో కేంద్రం కొత్త జనన నియంత్రణ నియమాలు తెచ్చింది. ఆపరేషన్, టీకా, గుర్తుగా చెవికి చిన్న కోత, కొన్ని రోజుల సంరక్షణ, తిరిగి అదే వీధికి. ఈ పద్ధతి పనిచేయాలంటే ఒక ప్రాంతంలోని కుక్కల్లో ఎక్కువ భాగానికి తక్కువ వ్యవధిలో చేసి తీరాలి. ఏడాదంతా అక్కడో పది ఇక్కడో పది చేస్తే ఆపరేషన్ కాని కుక్కలు పిల్లలను పెట్టి ఆ తగ్గుదలను పూడ్చేస్తాయి. దానికి పశువైద్యులు, బోనులు, బళ్లు, అన్నిటికన్నా ముందు చోటు కావాలి. ఫతుల్లగూడ లాంటి కొద్దిపాటి కేంద్రాలతో అంత పెద్ద నగరం గట్టెక్కదు.

సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ ప్రాంతపు వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. పదకొండు రోజులకే ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ ఆదేశాన్ని సవరించింది. రేబిస్ ఉన్నవాటిని, మనుషుల మీద పడేవాటిని మినహాయించి మిగతావాటిని ఆపరేషన్, టీకా చేసి వదలాలని, అన్నం పెట్టడానికి విడిగా చోట్లు చూపించాలని చెప్పి, కేసు పరిధిని దేశమంతటికీ పెంచింది. నవంబరు 7న ఇంకో అడుగు వేసింది. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి కుక్కలను తొలగించాలి, వాటిని మళ్లీ అక్కడే వదలకూడదు. రహదారుల మీద తిరిగే పశువులను పట్టి గోశాలలకో షెల్టర్లకో చేర్చాలి, అక్కడ మేత, నీళ్లు, వైద్యం అందాలి.

ఆ చివరి ఆదేశాన్ని 1871 చట్టం పక్కన పెట్టి చదివితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. పాత చట్టం మేత డబ్బు ఎవరు నిర్ణయించాలో, ఎవరి దగ్గర వసూలు చేయాలో, ఎవరి చేతికి ఇవ్వాలో, ఎన్నో రోజున ఏం చేయాలో చెప్పింది. కొత్త ఆదేశంలో కర్తవ్యం స్పష్టంగానే ఉంది, ఖర్చు లెక్క మాత్రం ఊరి మునిసిపాలిటీ తేల్చుకోవాలి. యజమాని దొరికిన పశువుకైనా నేటి ధరలకు సరిపడే బందె, చెవి ట్యాగుతో యజమాని ఎవరో తేలే రికార్డు, పశువుకు రోజుకు ఇంతని మేత కేటాయింపు బడ్జెటులో కనబడాలి. 2024 జూలై నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహిత పబ్లిక్ న్యూసెన్సు జరిమానాను రెండు వందల నుంచి వెయ్యికి, పశువు విషయంలో నిర్లక్ష్యానికి జరిమానాను వెయ్యి నుంచి అయిదు వేలకు పెంచింది. శిక్ష పెంచడం సులువే. పట్టిన ఆవును రాత్రికి ఎక్కడ కట్టాలన్న ప్రశ్నకు జవాబు శిక్షాస్మృతిలో దొరకదు. మునిసిపల్ ఆఫీసులో పశువులను పట్టే బండి డ్రైవరూ, వెటర్నరీ డాక్టరూ, శానిటరీ ఇన్‌స్పెక్టరూ సాయంత్రం కమిషనరు ముందు నిలబడి అడిగేది సరిగ్గా ఆ ప్రశ్నే. వచ్చే బడ్జెటు సమావేశాల్లో కౌన్సిలర్లు దానికి జాగా సర్వే నంబరుతో, మేతకు రూపాయలతో జవాబు చెప్పాలి.